ఫిట్‌నెస్ బ్యాండ్‌తో పాటలు: బ్యాండ్‌లోంచే వినొచ్చా, ఫోన్‌లో పాటలు మార్చుకోవడానికి మాత్రమేనా?

పరుగుపిచ్చి:
అందరికీ నమస్కారం. నేను రోజూ పరుగెత్తుతాను. ఫోన్ జేబులో ఉంటే తొడకి కొట్టుకుంటూ ఉంటుంది. చేతికి కట్టుకునే పౌచ్ వాడితే చెమటకి చర్మం ఒరుసుకుపోతోంది. అందుకని ఫిట్‌నెస్ బ్యాండ్ ఒకటి తీసుకున్నాను. పెట్టె మీద ‘మ్యూజిక్ కంట్రోల్’ అని రాసి ఉంది. ఫోన్ ఇంట్లో వదిలేసి, ఇయర్‌బడ్స్‌ని నేరుగా బ్యాండ్‌కే కలిపి పాటలు వినే దారి ఏమైనా ఉందా? మెనూ అంతా వెతికాను, ఇయర్‌బడ్స్ కలిపే చోటు ఎక్కడా లేదు.

ఇంకోటి. ఫోన్‌లో పాట మోగుతున్నా బ్యాండ్‌లో మ్యూజిక్ పేజీ ఖాళీగా ఉంటోంది. పాట పేరు రాదు, బటన్లు నొక్కినా ఏమీ జరగదు. అడుగుల లెక్క, గుండె వేగం మాత్రం యాప్‌లోకి చక్కగా వస్తున్నాయి. ఫోన్ ఆండ్రాయిడ్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

తీగలేనివాడు:
మొదటిది మామూలు బ్యాండ్లలో కుదరదండి. పాట ఉండేది ఫోన్‌లో, వినపడేది ఇయర్‌బడ్స్‌లో. టీవీకి రిమోట్ ఎలాగో ఫోన్‌కి బ్యాండ్ అలాగ. ‘ఆపు’, ‘తర్వాతి పాట’, ‘సౌండ్ పెంచు’ అని ఫోన్‌కి చెబుతుంది, ఫోన్ నుంచి పాట పేరు తెచ్చి చూపిస్తుంది. అంతవరకే దాని పని.

ఎందుకంటే బ్లూటూత్ అని ఒకే పేరుతో పిలుస్తాం కానీ అందులో రెండు రకాలున్నాయి. ఇయర్‌బడ్స్‌కి మామూలుగా పాట వెళ్లేది పాత రకం మీద, అంటే బ్లూటూత్ క్లాసిక్ మీద, ఏటూడీపీ అనే ప్రొఫైల్ (ఒక్కో పనికి బ్లూటూత్ పెట్టుకున్న నియమాల కట్ట) ద్వారా. అన్ని ఇయర్‌బడ్స్‌లో ఉండే ఎస్‌బీసీ అనే కోడెక్‌తో (పాటని కుదించి పంపే పద్ధతి) మంచి నాణ్యత రావాలంటే సెకనుకి 328 కిలోబిట్ల దాకా ఆగకుండా వెళ్తూ ఉండాలి. బ్యాండ్లు ఫోన్‌తో మాట్లాడేది ‘బ్లూటూత్ లో ఎనర్జీ’ అనే, తక్కువ కరెంటుతో నడిచే రెండో రకం మీద. నాలుగు ముక్కలు చెప్పి వెంటనే నిద్రపోవడం దాని పద్ధతి. ‘తర్వాతి పాట’ అని చెప్పడానికి కొన్ని బైట్లు చాలు కాబట్టి సరిపోతుంది.

2020 జనవరిలో ఎల్ఈ ఆడియోని (ఎల్ఈ అంటే లో ఎనర్జీ) ప్రకటించారు. ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్‌తో లో ఎనర్జీ మీద కూడా పాట పంపొచ్చు. అయినా అందుకు తగిన చిప్, పాటలు దాచుకునే చోటు రెండూ బ్యాండ్‌లో ఉండాలి కదా. మామూలు బ్యాండ్లలో అవి ఉండవు.

చిన్నబ్యాటరీ:
బ్యాటరీ సంగతి కూడా చూడండి. 2019లో వచ్చిన షావోమీ వాళ్ల ‘మీ బ్యాండ్ 4’ బ్యాటరీ 135 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఒకసారి ఛార్జ్ చేస్తే 20 రోజుల దాకా వస్తుందని కంపెనీ చెప్పింది. లెక్కేస్తే రోజుకి 7 కూడా ఖర్చు కావడం లేదన్నమాట. ఇయర్‌బడ్స్‌కి ఆగకుండా పాట పంపడం మొదలుపెడితే ఈ లెక్క నిలవదు. వారాల తరబడి ఛార్జింగ్ అడగకూడదు, పాటలు కూడా దాంట్లోంచే రావాలి అంటే ఇంత చిన్న బ్యాటరీతో సాధ్యం కాదు.

అలాంటి బ్యాండ్ అసలు రాలేదని కాదు. శాంసంగ్ 2016లో గేర్ ఫిట్ 2 తెచ్చింది. 4 జీబీ స్టోరేజీ, లోపలే జీపీఎస్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ నేరుగా దానికే కలుపుకోవచ్చు. 2017లో ఫిట్ 2 ప్రో వచ్చింది. నా దృష్టిలో పరుగెత్తేవాళ్ల కోసం వచ్చిన మంచి వస్తువుల్లో అదొకటి. ఆ తర్వాత గెలాక్సీ ఫిట్ పేరుతో వచ్చినవి తేలికపాటి బ్యాండ్లు, వాటిలో పాటలు దాచుకునే వీలు లేదు. ఇప్పుడు ఆ పని కావాలంటే వాచీలవైపు చూడాల్సిందే.

కోడ్‌మల్లి:
రెండో ప్రశ్న గురించి నేను చెబుతాను. ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడం నా వృత్తి.

ఆండ్రాయిడ్ 5.0 (2014) నుంచి పాటల యాప్‌లు ‘మీడియా సెషన్’ అనేది ఒకటి తెరుస్తాయి. పాట పేరు, పాడినవాళ్ల పేరు, మోగుతోందా ఆగిందా అన్న వివరం అందులో ఉంటాయి. బ్యాండ్ యాప్ కూడా అక్కడి నుంచే చదువుకోవాలి. అయితే ఒక యాప్ ఇంకో యాప్ సెషన్‌ని చూడాలంటే నోటిఫికేషన్ యాక్సెస్ ఉండి తీరాలని ఆండ్రాయిడ్ షరతు. పాటలకీ నోటిఫికేషన్లకీ ఏం సంబంధం అనిపించి చాలామంది ఆ పర్మిషన్ ఇవ్వరు. మెసేజ్‌లు చేతి మీద చూడటం ఇష్టం లేనివాళ్లు అసలే ఇవ్వరు. అడుగుల లెక్కకి దానితో పనిలేదు కాబట్టి అది వస్తూనే ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి.

సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే చోట ‘నోటిఫికేషన్ యాక్సెస్’ అని కొట్టండి. వచ్చిన జాబితాలో బ్యాండ్ యాప్‌ని ఆన్ చేయండి. అప్పటికే ఆన్‌లో ఉంటే ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి చూడండి. యాప్‌ని ప్లే స్టోర్ నుంచి కాకుండా బయట నుంచి ఫైల్ తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేసి ఉంటే, ఆండ్రాయిడ్ 13 నుంచి ఆ స్విచ్ నొక్కనివ్వకపోవచ్చు. అప్పుడు యాప్ ఇన్ఫో పేజీలో పైన మూడు చుక్కలు నొక్కితే ‘అలౌ రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ అని ఉంటుంది. అది ఒప్పుకున్నాక స్విచ్ తెరుచుకుంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పర్మిషన్ ఇచ్చారంటే ఫోన్‌కి వచ్చే నోటిఫికేషన్లన్నీ ఆ యాప్ చదవగలదు, బ్యాంకు మెసేజ్‌లతో సహా. నమ్మకం ఉన్న యాప్‌కే ఇవ్వండి. మెసేజ్‌లు బ్యాండ్ మీదికి రాకుండా ఉండాలంటే బ్యాండ్ యాప్ లోపల విడిగా ఆపుకోవచ్చు.

పరుగుపిచ్చి:
కోడ్‌మల్లి గారూ, చాలా థ్యాంక్స్ అండి. ఆ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేయగానే పాట పేరు వచ్చేసింది, పాటలు ముందుకీ వెనక్కీ మారుతున్నాయి.

కానీ ఈరోజు పరుగులో కొత్త టెన్షన్. మొదట్లో బాగానే పనిచేసింది. ఫోన్ స్క్రీన్ ఆఫ్ అయి కాసేపయ్యాక బ్యాండ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ తీసి బ్యాండ్ యాప్ తెరిస్తే మళ్లీ పనిచేస్తోంది. పాట మాత్రం మధ్యలో ఎక్కడా ఆగలేదు.

మేలుకొలుపు:
పాట ఆగలేదు, బ్యాండ్ ఒక్కటే పనిచేయలేదు. అంటే బ్యాటరీ ఆదా కోసం ఫోన్ మీ బ్యాండ్ యాప్‌ని ఆపేసింది. ఇయర్‌బడ్స్‌కి పాట పంపేది ఫోన్ సిస్టమ్, కాబట్టి అది ఆగదు. బ్యాండ్ మాట ఫోన్‌కి చేరాలంటే మధ్యలో బ్యాండ్ యాప్ మేలుకుని ఉండాలి.

యాప్ ఇన్ఫోలో బ్యాటరీ అన్న చోటికి వెళ్లి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. కొన్ని ఫోన్లలో ‘ఆటోస్టార్ట్’ అని ఇంకో స్విచ్ విడిగా ఉంటుంది, అదీ ఆన్ చేయండి. రీసెంట్ యాప్‌లన్నీ ఒకేసారి తుడిచేసే అలవాటు ఉంటే, అక్కడ బ్యాండ్ యాప్‌కి తాళం వేసే వీలుందేమో చూడండి. పరుగుకి ముందు బ్యాటరీ సేవర్ ఆఫ్ చేయండి. ఇన్ని స్విచ్‌లు ఎందుకు పెట్టారో అని విసుగొస్తుంది, నిజమే. అయినా ఇవన్నీ సరిచేస్తే చాలావరకు ఈ బాధ తీరిపోతుంది.

నడకదారి:
ఇదే చర్చలో నాదీ ఒకటి అడగొచ్చా? నేను పాట ఆపి, మళ్లీ బ్యాండ్ మీద ప్లే నొక్కితే పాట బదులు ఇంతకుముందు ఎప్పుడో చూసిన వీడియో మోగుతోంది. ఎందుకలా?

కోడ్‌మల్లి:
ఒకేసారి రెండు మూడు యాప్‌ల మీడియా సెషన్లు తెరిచి ఉండొచ్చు. ఏ యాప్ చివరగా మోగిందో బటన్ ఆజ్ఞ దానికే వెళ్తుంది. బ్రౌజర్‌లో తెరిచి వదిలేసిన వీడియో పేజీ కూడా లెక్కలోకి వస్తుంది. బయల్దేరే ముందు ఆ పేజీ మూసేసి, ఫోన్‌లోనే ఒకసారి పాట మొదలుపెట్టి వెళ్లండి.

సన్నజాజి:
ఐఫోన్ వాళ్ల కోసం కూడా రాస్తున్నాను. ఇక్కడ దారి వేరు. 2014లో ఐఓఎస్ 8తో ఆపిల్ మీడియా సర్వీస్ అనేది వచ్చింది. లో ఎనర్జీ మీద జతైన పరికరానికి ఫోనే నేరుగా పాట పేరు, పాడినవాళ్లు, ఆల్బమ్, నిడివి చెబుతుంది. ప్లే, పాజ్, ముందు, వెనక, వాల్యూమ్ ఆజ్ఞలు తీసుకుంటుంది. షఫుల్, రిపీట్, లైక్ కూడా అందులో ఉన్నాయి కానీ వాటిని బ్యాండ్ మీద చూపించాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. మీ బ్యాండ్‌లో లైక్ బటన్ లేకపోతే ఫోన్‌ని తప్పుపట్టక్కర్లేదు. పాట పేరు రాకపోతే ముందు బ్లూటూత్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ ‘కనెక్టెడ్’ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఫర్గెట్ కొట్టి, బ్యాండ్ యాప్‌లోంచి మళ్లీ జత చేయండి.

రెండుచెవులు:
అందరూ ఇంత శ్రమ పడుతున్నారు కానీ నాకో సందేహం. ఇయర్‌బడ్ మీద వేలితో తడితే పాట మారుతుంది కదా? మధ్యలో బ్యాండ్ అవసరం ఏముంది? పర్మిషన్లు ఇవ్వక్కర్లేదు, యాప్ మేలుకుని ఉండక్కర్లేదు. ఇయర్‌బడ్స్ ఆజ్ఞలు ఏవీఆర్‌సీపీ అనే ప్రొఫైల్ మీద నేరుగా ఫోన్‌కే వెళ్తాయి. నా మటుకు నాకు అదే నమ్మకమైన దారి.

పరుగుపిచ్చి:
నిదానంగా కూర్చున్నప్పుడు అది బాగానే ఉంటుందండి. పరుగులో చెమట వేలితో ఒకసారి తడితే ఒక్కోసారి రెండుసార్లు తట్టినట్టు అవుతుంది. సరిచేద్దామని ముట్టుకుంటే బడ్ చెవిలోంచి జారుతుంది. మంకీ టోపీ పెట్టుకున్న రోజున అసలు కుదరదు.

సాయంత్రపునడక:
రెండుచెవులు గారూ, మీరు అన్నది కుర్ర వేళ్లకి సరిపోతుంది. నేను రెండు చెవులకీ వినికిడి యంత్రాలు పెట్టుకుంటాను. బ్లూటూత్ ఉన్నవి, ఫోన్‌లో పాట నేరుగా వాటిలోకే వస్తుంది. వాటి మీద బటన్లు గోరంత ఉంటాయి, చెవి వెనక కనపడవు, నా వేళ్లు సరిగా వంగవు. బ్యాండ్ అయితే కళ్లెదురుగా ఉంటుంది, బటన్ పెద్దగా కనపడుతుంది. ఎవరైనా పలకరిస్తే ఒక్క నొక్కుతో పాట ఆపి మాట్లాడగలుగుతున్నాను. నడకలో నాకు దొరికిన స్వేచ్ఛ ఇది. బాబూ పరుగుపిచ్చీ, నీ ప్రశ్న వల్ల నా బ్యాండ్ కూడా బాగుపడింది, నోటిఫికేషన్ స్విచ్ నాదీ ఆఫ్‌లోనే ఉంది.

రెండుచెవులు:
సాయంత్రపునడక గారూ, ఇది నాకు తట్టలేదండి. మీరు చెప్పాక ఒప్పుకుంటున్నాను, అలాంటివాళ్లకి బ్యాండ్ నిజంగా అవసరమే.

తీగలేనివాడు:
ఫోన్‌ని స్పీకర్‌కి కలిపి పదిమందితో వ్యాయామం చేయించేవాళ్లకి కూడా. ఫోన్ దగ్గరికి పరుగెత్తకుండా నిలబడ్డ చోటునుంచే పాట మార్చొచ్చు. సుమారు 10 మీటర్ల లోపు, మధ్యలో గోడ లేకుండా ఉంటే మంచిది.

గుణింతం:
నా సమస్య ఎవరూ అడగలేదు. పాట పేరు ఇంగ్లీషులో ఉంటే వస్తుంది, తెలుగులో ఉంటే అన్నీ డబ్బాలే. చాలా బ్యాండ్ల ఫాంట్‌లో మన లిపి ఉండదు. కొన్నింటిలో అక్షరాలు ఉన్నా ఒత్తులు పక్కకి జారిపోతాయి, గుణింతం గుర్తు అక్షరానికి అంటుకోకుండా విడిగా నిలబడుతుంది. తెలుగు అక్షరాలు పక్కపక్కన పేర్చితే చాలదు. ఏ గుర్తు ఎక్కడ కూర్చోవాలో లెక్కేసే ప్రోగ్రామ్ కూడా బ్యాండ్‌లో ఉండాలి. బ్యాండ్ తయారుచేసేవాళ్లు దీన్ని చిన్న విషయంగా చూడటం నాకు బాధగా ఉంటుంది. ఇన్ని కోట్లమంది చదివే లిపి ఇది.

కోడ్‌మల్లి:
గుణింతం గారూ, మీ బాధ న్యాయమైనది. అప్‌డేట్‌లో ఫాంట్ వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి యాప్‌లో ఫీడ్‌బ్యాక్ రాయండి, ఎక్కువమంది రాస్తే మంచిది. ఈలోపు ఒక దారి ఉంది. ఆండ్రాయిడ్‌లో గాడ్జెట్‌బ్రిడ్జ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. కంపెనీ యాప్ బదులు చాలా బ్యాండ్లతో పనిచేస్తుంది, మీ వివరాలు ఏ సర్వర్‌కీ పంపదు, పాట పేరు కూడా బ్యాండ్‌కి చేరుస్తుంది. వేరే లిపులని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పంపే ఏర్పాటు కొన్ని భాషలకి అందులో ఉంది. కొన్ని బ్యాండ్లకి జత చేసేటప్పుడు ఒక ‘కీ’ తెచ్చుకోవాల్సి వస్తుంది, కొంచెం ఓపిక కావాలి. మీ దగ్గరున్నవి సొంత ఫైళ్లయితే ఇంకా తేలిక. ట్యాగ్ ఎడిటర్‌తో (ఫైల్‌లో ఉండే పాట వివరాలు మార్చే యాప్) పాట పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టుకోండి, అదే బ్యాండ్ మీద కనపడుతుంది.

ఈతగత్తె:
ఈత కొట్టేవాళ్లు ఎవరైనా ఉంటే వినండి. బ్యాండ్ మీద ‘5 ఏటీఎం’ అని, అంటే నీటి ఒత్తిడిని తట్టుకునే స్థాయి, రాసి ఉంటే ఈతకి వాడుకోవచ్చు కానీ నీళ్లలో దాంతో పాటలు మార్చడం కుదరదు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని నీరు బాగా పీల్చేసుకుంటుంది, కొద్ది సెంటీమీటర్లలోనే సిగ్నల్ నీరసిస్తుంది. పైగా నీటి చుక్కల్ని టచ్ స్క్రీన్ వేలు అనుకుంటుంది. అందుకే ఈత మోడ్ పెట్టగానే స్క్రీన్‌కి తాళం పడుతుంది.

నీళ్లలో పాటలు కావాలంటే పాటలు లోపలే దాచుకునే బోన్ కండక్షన్ హెడ్‌సెట్ (చెవి మూయకుండా ఎముక ద్వారా శబ్దం వినిపించేది) ఉండాలి. కంప్యూటర్‌కి కలిపి ఎంపీ3 ఫైళ్లు ఎక్కించుకోవాలి. 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) నాణ్యతలో నిమిషానికి సుమారు 1 ఎంబీ పడుతుంది, చిన్న స్టోరేజీలోనే వందల పాటలు పడతాయి. సబ్‌స్క్రిప్షన్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన పాటలు మాత్రం ఎక్కవు, అవి ఆ యాప్‌లోనే తెరుచుకునేలా తాళం వేసి ఉంటాయి. మన సొంత ఫైళ్లే కావాలి.

పరుగుపిచ్చి:
ఈతగత్తె గారూ, ఆ హెడ్‌సెట్ పరుగుకి కూడా పనికొస్తుందా? నాకు కావల్సింది అదే అనిపిస్తోంది. దాన్ని బ్యాండ్‌తో నడపొచ్చా?

ఈతగత్తె:
పరుగుకి బ్రహ్మాండంగా ఉంటుంది. చెవి మూసుకుపోదు, వెనక వచ్చే బండి చప్పుడు వినపడుతుంది. రోడ్డు మీద పరుగెత్తేవాళ్లకి అది పెద్ద విషయం. బ్యాండ్‌తో మాత్రం నడపలేరు. పాట హెడ్‌సెట్‌లోంచే వస్తున్నప్పుడు మధ్యలో ఫోన్ లేదు, బ్యాండ్ మాట వినేవాళ్లు ఎవరూ లేరు. దాని మీదున్న బటన్లే గతి.

చిన్నబ్యాటరీ:
సౌండ్ గురించి నేనొకటి చెప్పాలి. చెయ్యి తిప్పితే చాలు వాల్యూమ్ అందుతుంది కాబట్టి పరుగు ఊపులో పెంచుకుంటూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. రోజూ గంట పరుగెత్తేవాళ్లకి 90 దగ్గర వారం తిరక్కముందే ఆ కోటా అయిపోతుంది. దయచేసి ఫోన్‌లో గరిష్ఠ వాల్యూమ్‌కి హద్దు పెట్టుకోండి, అప్పుడు బ్యాండ్ మీద ఎంత నొక్కినా అది దాటదు.

నడకదారి:
నా బ్యాండ్‌లో ఒక్క నొక్కుకే సౌండ్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. చెవి గింగురుమంటుంది.

కోడ్‌మల్లి:
చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పాటల వాల్యూమ్‌కి 15 మెట్లే ఉంటాయి, బ్యాండ్ నొక్కు ఒక్కో మెట్టు కదుపుతుంది. ఫోన్, ఇయర్‌బడ్స్ ఒకే వాల్యూమ్‌ని పంచుకునే పద్ధతి ఆండ్రాయిడ్ 6 నుంచి వచ్చింది. కొన్ని ఇయర్‌బడ్స్‌తో అది సరిగా కుదరక మెట్టు మెట్టుకీ తేడా ఎక్కువైపోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో మామూలుగా దాగి ఉండే డెవలపర్ ఆప్షన్స్ అనే మెనూలో ‘డిజేబుల్ ఆబ్సొల్యూట్ వాల్యూమ్’ ఆన్ చేసి, ఇయర్‌బడ్స్ విడదీసి మళ్లీ కలపండి. జాగ్రత్త, ముందు సౌండ్ బాగా తగ్గించి, బడ్స్ చెవిలో పెట్టుకోకుండా చేసి చూడండి.

మేలుకొలుపు:
పరుగుపిచ్చి అన్నా, పాటలు మార్చే పనే తగ్గించుకునే దారి ఒకటుంది. వర్కవుట్‌లో నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో చాలా బ్యాండ్లు చూపిస్తాయి. ఆ అంకెకి దగ్గరగా బీట్ ఉన్న పాటలు ఏరి ప్లేలిస్ట్ కట్టుకో. 160 అడుగులకి 160 బీట్ల పాటైనా, 80 బీట్ల పాటైనా సరిపోతుంది, రెండోదాంట్లో బీట్‌కి రెండడుగులు పడతాయి. 180 పడాలని చాలామంది చెబుతుంటారు. 1984 ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ మేటి పరుగువీరుల అడుగులు లెక్కపెట్టినప్పటి నుంచి ఆ అంకె ప్రచారంలో ఉంది. వాళ్ల వేగం వేరు, మన వేగం వేరు. నీ కాళ్లకి సహజంగా వచ్చే అంకెనే పట్టుకో. వేడెక్కడానికి నెమ్మదివి ముందు, చివర మళ్లీ నెమ్మదివి పెడితే దారిలో బ్యాండ్ ముట్టుకునే అవసరమే పెద్దగా రాదు.

పరుగుపిచ్చి:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. బ్యాటరీ ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టి, ఆటోస్టార్ట్ ఆన్ చేశాక ఇవాళ పరుగంతా బ్యాండ్ ఒక్కసారి కూడా మొండికేయలేదు. కొత్త వాచీ కొనే ఆలోచన మానుకున్నాను. ఫోన్ పౌచ్ బదులు నడుముకి కట్టుకునే బెల్ట్ వాడదామనుకుంటున్నాను. వెనక పెట్టుకుంటే కదలదు అంటున్నారు, అలా పెడితే బ్లూటూత్‌కి ఏమైనా అడ్డమా?

తీగలేనివాడు:
కొంచెం అడ్డమే. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు కాబట్టి ఈతగత్తె గారు చెప్పిన నియమమే ఇక్కడా వర్తిస్తుంది. ఫోన్ నడుం వెనక, చెయ్యి ఒంటికి ముందు ఉంటే సిగ్నల్ శరీరాన్ని చుట్టుకుని రావాలి. బ్యాండ్ ఎడమ చేతికి ఉంటే ఫోన్‌ని నడుముకి ఎడమపక్కన, కొంచెం ముందుకి వచ్చేలా పెట్టుకోండి. ఇయర్‌బడ్స్‌లో పాట తెగుతుంటే అది కూడా తగ్గుతుంది.